చంపనందుకు

ఇన్‌స్పెక్టర్ ఫోన్‌ని కళ్ళకి దూరంగా పట్టుకుని మెసేజ్ పైకి చదివాడు. ఎదురుగా ఉన్నది ఒక్క మనిషే అయినా సభకి చదివినట్టు చదివాడు. ఆ గొంతుకే డిపార్ట్‌మెంట్‌లో అతనికి దండోరా అని పేరు.

"'చంపేశాను మేడమ్. రెండుసార్లు చూశాను, ఎక్కడా కదలిక లేదు. పాత ఇల్లు మీకే వదిలేశాను, తగలబెట్టెయ్యండి.' విన్నావా? మొదటి ముక్కలో హత్య, చివరి ముక్కలో ఇల్లు తగలబెట్టడం. నీ మేనకోడలు పొదుపుగా రాస్తుందయ్యా. మేనమామ పోలిక."

మేనమామ నవ్వలేదు. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో పోలీసు ఉద్యోగంలో చేరినవాళ్ళు. ఒకడు నోటితో పైకొచ్చాడు. రెండోవాడు ఒక పెద్దమనిషి అబద్ధం మీద సంతకం పెట్టనని బయటికొచ్చాడు. బయటికొచ్చి ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాడు. అప్పట్లో పెట్టిన పేరు ఇప్పటికీ పోలేదు. ముక్తసరి.

"తగలబెట్టడానికి మా చెల్లెలికి ఇల్లు లేదు," అన్నాడు.

"అద్దె ఇల్లయితే అంటుకోదా?"

"పాత ఇల్లంటే?"

"ఏదో ఉంటుంది. అయినా ఇప్పుడు ఇంటి గొడవ వద్దు. కేసు పొద్దున్నే మారిపోయింది. నీకు చెప్పాలనే పిలిచాను. పాత స్నేహం కదా."

స్నేహం ఏనాడూ లేదు. పిలిచింది చూపించుకోవడానికి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

చనిపోయింది అంటురోగాల పరిశోధనాలయానికి అధిపతి. అక్కడ అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. గనుల్లో పుట్టి కూలీల బస్తీలని ఊడ్చేసే ఒక జ్వరం వెంట జీవితమంతా తిరిగాడు. గని జ్వరం అని దానికి పేరు పెట్టింది కూడా ఆయనే. మొన్న పొద్దున ల్యాబు వెనక గదిలో, లోపల గడియ పెట్టుకుని, అదే జ్వరంతో చచ్చి పడున్నాడు. పక్కన బల్ల మీద కొత్త టీకా సీసా. లేబుల్ మీద రాత పరిశోధక విద్యార్థినిది. ఆ విద్యార్థిని ముక్తసరి మేనకోడలు.

"ఈ మెసేజ్ అందుకున్న మేడమే, పెద్దాయన తర్వాత రెండో డాక్టరమ్మ, పొద్దున వచ్చి విడమరిచి చెప్పింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "చంపడం అంటే మనిషిని కాదట. జ్వరం పురుగుల్ని వేడినీళ్ళలో పెట్టి చంపుతారట. చచ్చినవాటితో టీకా. ఆ ల్యాబులో తెల్లారి లేస్తే ఒకళ్ళనొకళ్ళు 'చంపావా? ఎంతసేపు చంపావు?' అనే పలకరించుకుంటారట. నాకు ఒళ్ళు జలదరించింది."

"అయితే వదిలెయ్."

"తొందరపడకు. అసలు సంగతి అక్కడే ఉంది. చంపానని మెసేజ్ పెట్టింది. చంపలేదు. ప్రాణం ఉన్నవాటినే సీసాలో పోసి ఇచ్చింది. ఆయన నమ్మి పొడుచుకున్నాడు. పోస్ట్‌మార్టంలో రక్తం నిండా అవే, ఈదుతున్నాయట." ఇన్‌స్పెక్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "మొదట చంపినందుకు పట్టుకున్నాను. ఇప్పుడు చంపనందుకు లోపలేశాను. ఇలాంటి కేసు నువ్వు పుట్టి ఎరుగుదువా?"

"ఎందుకు చంపదు?"

"ఆ సంగతి సాయంత్రం మేజిస్ట్రేట్ ముందు ఆ పిల్లే చెబుతుంది."

"అమ్మాయిని చూడాలి."

"కుదరదు. బంధువువి. కోర్టులో చూసుకో."

ముక్తసరి లేచాడు. భార్య పోయిన తర్వాత అతని ఇంటికి పనిలేకుండా ఫోన్ చేసే మనిషి లోకంలో ఒక్కతే ఉంది. 'ఏం తిన్నావు మావయ్యా? అబద్ధం చెప్పకు, గిన్నెల చప్పుడు వినపడలేదు' అని మొదలుపెట్టేది. మిగతా చుట్టాలు సంతాపం చెప్పి, టీ తాగి, కప్పులు కడగకుండా వెళ్ళిపోయారు. వాళ్ళ పేర్లు అతనికి గుర్తున్నాయి. క్షమించడానికి కాదు.

"ల్యాబు చూడాలి," అన్నాడు.

"చూడు. నేనే తీసుకెళ్తాను. నీ కళ్ళతో నువ్వు చూస్తే నీ చెల్లెలికి నువ్వే చెప్పుకుంటావు, నాకు ఆ బాధ తప్పుతుంది." ఇన్‌స్పెక్టర్ సొరుగులోంచి ప్లాస్టిక్ సంచీలో కట్టిన సీసా తీసి జేబులో వేసుకున్నాడు. "సాక్ష్యం. ఇది నా జేబులోంచి కదలదు."

*

జీపులో కూడా అతని నోరు ఆగలేదు.

"రెండో డాక్టరమ్మని ల్యాబులో వెనకాల ఏమంటారో తెలుసా? రెండో పేరు. ఇన్నేళ్ళ నుంచి అచ్చయిన ప్రతి వ్యాసంలోనూ మొదట పెద్దాయన, ఆ తర్వాత ఈవిడ. పెళ్ళి శుభలేఖల్లో కూడా అంత క్రమం ఉండదు."

ముక్తసరికి అది ముందే తెలుసు. పోయిన నెల మేనకోడలు ఫోన్‌లో అన్న మాట కూడా గుర్తుంది. 'మావయ్యా, కొత్త టీకా వ్యాసంలో నా పేరు రెండోది పెడతానన్నారు సార్. మేడమ్ పేరు మూడోదయింది. నాకు సంతోషంగా ఉంది, సిగ్గుగా కూడా ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. నాకు టీ పోసి ఇచ్చారు.'

రెండో పేరు గేటు దగ్గరే నిలబడి ఉంది. సన్నగా, నిటారుగా, తెల్ల కోటు గుండీలన్నీ పెట్టుకుని ఉంది. చేతులు మాత్రం చూడాల్సినవి. వేడికీ మందులకీ తోలు ఊడి మళ్ళీ వచ్చి, మళ్ళీ ఊడి, వేలిముద్రలు అరిగిపోయిన చేతులు.

ఆమె గదిలో కూర్చున్నారు. గోడల నిండా పెద్దాయన ఫొటోలు. బహుమతి అందుకుంటున్న పెద్దాయన. గని ముందు నిలబడ్డ పెద్దాయన. కొన్నిటిలో ఆమె కూడా ఉంది, అంచున, సగం చెవి ఒకదాంట్లో, మోచెయ్యి ఇంకోదాంట్లో.

"ఆయనతో ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు ముక్తసరి.

"గని నుంచి."

"చెప్పండి."

"చెప్పేదేముంది? కూలీలు పిట్టల్లా రాలిపోతుంటే పెద్ద డాక్టర్లెవరూ వెళ్ళలేదు. ఆయన వెళ్ళారు. అప్పటికి ఆయన జ్వరాల వార్డులో కుర్ర డాక్టరు. మైక్రోస్కోప్ చూడటం వచ్చని నన్ను పంపారు. రేకుల షెడ్డులో పని. ఆయన రక్తం తీసేవారు, నేను చూసేదాన్ని. ఒక మధ్యాహ్నం 'సార్, ఏవో కదులుతున్నాయి' అన్నాను. నన్ను పక్కకి జరిపి ఆయన చూశారు. వ్యాసంలో 'మేము చూశాము' అని రాశారు."

"మేము అంటే మీరిద్దరేగా," అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఓదార్పుగా.

"కాదండీ. రాజులు తమ గురించి తాము చెప్పుకునే మేము అది."

ఆమె నవ్వకుండా అంది. ఇన్‌స్పెక్టర్ నవ్వి, మధ్యలో ఆపేశాడు.

"మొదటి టీకా?" అన్నాడు ముక్తసరి.

"అదీ గని దగ్గరే. మొదటి పోటు ఎప్పుడూ ఆయనకే. 'నా ఒంట్లోకి ఎక్కనిది ఇంకొకరి ఒంట్లోకి ఎక్కదు' అనేవారు. పొడుచుకుని గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకునేవారు. జ్వరం వస్తుందో రాదో తేలేదాకా ఎవరూ వెళ్ళకూడదు. ఆ ధైర్యాన్ని చూసే బహుమతులు ఇచ్చారు. ధైర్యం ఉన్న మాట నిజం. నేను కాదనను."

"ఈసారి సీసా ఎవరిచ్చారు?"

"ఫ్రిజ్‌లో ఉంటుంది. ఆయనే తీసుకుని ఉంటారు."

"మీరు చూడలేదా?"

"ఆయన ఏం తీసుకున్నా నన్ను అడిగి తీసుకున్నది లేదండీ."

"జ్వరం వస్తే బతుకుతారా?"

"పైకి తేలకముందే పట్టుకోవాలి. తేలిందంటే ఎవరి వల్లా కాదు. గనిలో నేను చూసినవాళ్ళలో ఒక్కళ్ళు కూడా లేవలేదు."

ముక్తసరి కాసేపు ఆ చేతుల వైపే చూశాడు.

"మెసేజ్ మీకే పెట్టింది. పాత ఇల్లంటే ఏంటి?"

"నాకేం తెలుసండీ?" జవాబు చాలా తొందరగా వచ్చింది. "ఆ అమ్మాయి ఇంటి కబుర్లన్నీ నాకే రాస్తుంది. వాళ్ళ పాత ఇంటి గొడవేదో అయ్యుంటుంది. చిన్నపిల్ల, కోపంలో తగలబెట్టమంది."

"చూశావా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ముక్తసరి తల ఊపాడు. చెల్లెలి మొగుడు బతికున్నన్నాళ్ళూ ఇళ్ళు మారడమే తప్ప ఇల్లనేది కొన్నవాడు కాదు. వదిలేసుకోవడానికి వాళ్ళకి పాతదీ లేదు, కొత్తదీ లేదు. ఈవిడ చెప్పింది అబద్ధం. హత్యలా వినపడే 'చంపడం' అన్న మాటని విప్పి చెప్పిన మనిషి, ఇంటి మాట దగ్గర ఎందుకు అబద్ధమాడాలి?

"ఆయన గది చూపించండి."

*

గదిలో మంచం, బల్ల, కుర్చీ. దుప్పటి నేల మీద. తాగడానికి పెట్టుకున్న నీళ్ళు తాగినట్టు లేదు, ఒలికి ఎండిపోయిన మరక ఉంది. మంచం పక్క గోడకి తెల్లటి గంట మీట. దాని తీగ కిటికీ పైనుంచి బయటికి పోయింది.

"ఈ గంట ఎక్కడ మోగుతుంది?"

"నా గదిలో, ఈ గోడకి అవతల," అంది రెండో పేరు.

"మోగిందా?"

"లేదు."

"మీరెక్కడున్నారు?"

"నా గదిలో."

"ఆయన లోపలున్న రెండు రోజులూ?"

ఇన్‌స్పెక్టర్ అందుకున్నాడు. "ఏమయ్యా, పెద్దావిడని పట్టుకుని ఆ నిలదీయడమేంటి? గురువు లోపల టీకా పొడుచుకుని పడుకుంటే బయట శిష్యురాలు కాపలా ఉండదా? నీకు భక్తంటే తెలీదు."

"చేతికందేంత దూరంలో మీట ఉంది," అన్నాడు ముక్తసరి. "చచ్చేదాకా నొక్కలేదు."

"ఒంట్లో ఓపిక లేకపోయుంటుంది."

"దుప్పటి అంత దూరం తన్నడానికి ఉంది."

మీట కింద గోడ సున్నం గోళ్ళతో గీరుకుపోయి ఉంది. చెయ్యి అక్కడిదాకా వచ్చింది. వచ్చి, నొక్కకుండా గోడ గీరింది. ముక్తసరి వంగి ఆ గీతల్ని వేలితో తడిమాడు. ఓపిక లేనివాడి గీతలు కావవి. పంతం పట్టినవాడివి. అతనికి పంతం సంగతి తెలుసు.

"చంపే గది ఎక్కడ?"

ఆ మాట తనే అన్నాక ఆ మాట ఎంత అసహ్యంగా ఉందో అతనికి తెలిసింది. రెండో పేరుకి మాత్రం ఏమీ అనిపించినట్టు లేదు. "ఇటు రండి," అంది.

*

చంపే గదిలో వెలుతురు బాగా ఉంది. మధ్యలో స్టీలు తొట్టి, అందులో వేడినీళ్ళు. నీళ్ళు కదలకుండా ఆవిరి కక్కుతున్నాయి. ఒక మూల తాళం వేసిన ఇనప డబ్బా. తొట్టి పైన గోడ మీద ఎర్ర రంగుతో, వంకర అక్షరాలతో ఒక వాక్యం రాసి ఉంది.

ఇల్లు మార్చకుండా ఇంటికి పోకూడదు.

ముక్తసరి దాన్ని చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఎవరి రాత?"

"పెద్దాయనది."

"అర్థం?"

"ఆయన హాస్యమండీ. హాస్యానికి అర్థమేముంటుంది?"

"మా స్టేషన్లో కూడా 'చిరునవ్వుతో పలకరించండి' అని బోర్డుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఎవడు నవ్వాడు? నువ్వు గోడలు చదవడం ఆపి పని చూడు. సాయంత్రం నాకు కోర్టుంది."

"డాక్టరుగారూ, ఎలా చంపుతారో చేసి చూపించండి. ఖాళీ సీసాలతో."

"చెబితే చాలదా?"

"చాలదు."

ఆమె చేతికి తొడుగులు వేసుకుంది. అలమర తలుపు తీసింది. ఒక సీసా అందుకుంది. దాన్ని ఎడమ చేతికి మార్చుకుని, కుడి చేత్తో రెండోది అందుకుంది. అప్పుడు చెయ్యి ఆగింది. రెండో సీసా మళ్ళీ అలమరలోకి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది.

అంతా కళ్ళు మూసి తెరిచేంతలో అయిపోయింది. నోటిని అదుపులో పెట్టుకోవడం ఆమెకి ముప్ఫై ఏళ్ళుగా అలవాటు. చేతులకి అలవాటైంది వేరు.

"రెండోది ఎందుకు తీశారు?"

"పొరపాటున."

"మీ చేతులు పొరపాటు చెయ్యవు."

ఆమె మొహంలో మొదటిసారి ఏదో కదిలింది. ఇన్నేళ్ళలో ఆ చేతుల గురించి ఎవరూ ఆ మాట అని ఉండరు. ముక్తసరి అందుకే అన్నాడు.

"మధ్యలో సీసా మారుస్తాం," అంది చివరికి.

"ఎందుకు?"

"మొదటి సీసాకి దూది బిరడా. గాలి ఆడాలి కాబట్టి దాన్ని నీళ్ళలో ముంచకూడదు. సగం మునుగుతుంది, సగం పైన ఉంటుంది. కింద ఉన్నవి చస్తాయి. పైన మెడ దగ్గర గాజుకి అంటుకున్నవి చావవు. అందుకని చచ్చిన ద్రవాన్ని కొత్త సీసాలోకి వంచి, రబ్బరు బిరడా, రేకు మూత బిగించి, నిలువునా ముంచేస్తాం. అప్పుడు దేనికీ దాక్కోవడానికి చోటుండదు."

"ఎవరు కనిపెట్టారు?"

ఆమె తొట్టిలో నీళ్ళ వైపు చూసింది.

"మొదటి టీకాకి సీసా మార్చలేదు. ఆయన తన పోటు సీసా కుదపకుండా తీసుకున్నారు, ఏమీ కాలేదు. సీసా బాగా కుదిపి కూలీలకి పొడిచారు. మెడ మీద ఉన్నవి కిందికి దిగాయి. టీకా వేయించుకున్నవాళ్ళు ముందు పోయారు. వాళ్ళు మామూలు జ్వరంతో పోయినట్టు లెక్క రాశారు. ఎక్కడ తప్పు జరిగిందో నేను పట్టుకున్నాను. షెడ్డులో కూర్చుని, ఆ సీసాలనే పగలగొట్టి, ముక్క ముక్కా చూసి పట్టుకున్నాను. ఆయన దానికి ఒక ముద్దుపేరు పెట్టారు. గోడ మీద రాశారు. అంతే."

"ఇల్లు మార్చడం."

"అవును."

"పాత ఇల్లంటే మొదటి సీసా."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి మెసేజ్ మళ్ళీ చూసుకున్నాడు. ఈసారి పైకి చదవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. పాత ఇల్లు మీకే వదిలేశాను, తగలబెట్టెయ్యండి.

"ఇందాక తెలీదన్నారేంటి?" అన్నాడు.

"గుర్తురాలేదు."

"గోడ మీద ఉంది కదమ్మా! అంతంత అక్షరాలు!"

"ఆ సీసా ఏం చేశారు?" అన్నాడు ముక్తసరి.

"తగలబెట్టాను. ఆ ఇనప డబ్బా అందుకే. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది."

ముక్తసరి ఇన్‌స్పెక్టర్ వైపు చెయ్యి చాచాడు. "సీసా."

"సాక్ష్యం. నా జేబులోంచి..."

"చేతిలో పెట్టుకునే చూపించు."

ఇన్‌స్పెక్టర్ సంచీని వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు. రబ్బరు బిరడా ఉన్న చిన్న సీసా. మెడ కిందనుంచి పొడుగ్గా అంటించిన కాగితం లేబుల్. దాని మీద మేనకోడలి గుండ్రటి రాత. పై రెండు వరుసలు నిన్న రాసినట్టున్నాయి. మూడో వరుస నుంచి సిరా పాకి, కాగితం ముడతలు పడి, అక్షరాలు ఉబ్బిపోయి ఉన్నాయి. ముడత ఎక్కడ మొదలైందో అక్కడ అడ్డంగా సన్నటి గీత. తొట్టిలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఆ గీత చెబుతోంది.

"నిలువునా ముంచిన సీసాకి సగం లేబుల్ పొడిగా ఎలా ఉంది?" అన్నాడు ముక్తసరి.

ఇన్‌స్పెక్టర్ సీసాని అటూ ఇటూ తిప్పాడు. మొన్నటి నుంచీ అది అతని సొరుగులోనే ఉంది. వచ్చిన పదిమందికీ దాన్ని చూపించాడు. ఒక్కసారి కూడా చూడలేదు.

"ఇది పాత ఇల్లు. దూది తీసేసి రబ్బరు బిగించారు. మెడ మీద బతికున్నవాటికి తిండి వేసి పెంచి, పెద్దాయనకి అందేలా పెట్టారు. అమ్మాయి చంపింది. చంపినదాన్ని మీరు బతికించారు." ముక్తసరి ఆమె వైపు తిరిగాడు. "మరి అసలు టీకా ఏది? నిలువునా మునిగినది?"

"ఫ్రిజ్‌లో," అంది రెండో పేరు. ఆమె గొంతులో భయం లేదు. కాదనడానికి ప్రయత్నం కూడా లేదు. దొరికిపోయిన మనిషి మొహం అలా ఉండదు.

ఫ్రిజ్ తలుపు అతనే తీశాడు. పై అరలో ఒకే ఒక్క సీసా. అదే రాత, అవే అక్షరాలు, లేబుల్ పైనుంచి కిందిదాకా ముడతలు. రేకు మూత వేసింది వేసినట్టే ఉంది. సూది గుచ్చాలంటే ముందు ఆ రేకు ఊడాలి. ఊడలేదు. మేనకోడలు చేసిన టీకాలోంచి ఎవరూ ఒక్క చుక్క కూడా తియ్యలేదు.

"ఇదిగో," అన్నాడు. "సాయంత్రం మీ మేజిస్ట్రేట్‌కి ఇది చూపించు. అమ్మాయిని ఇప్పుడే వదిలెయ్."

ఇన్‌స్పెక్టర్ ఆ రేకు మూత వైపే చూస్తున్నాడు.

"ఊడలేదా?" అన్నాడు. దండోరా గొంతు అంత సన్నగా ఉండగలదని ముక్తసరికి తెలీదు. "సరిగ్గా చూడవయ్యా. పొద్దున తీశారు కదా. ఊడి ఉండాలి."

"పొద్దున ఎవరు తీశారు?"

"ఈవిడే. స్టేషన్‌కొచ్చినప్పుడు... నీ మేనకోడలు మొండికేసింది. 'నేను చంపాను, ఇల్లు మార్చాను, నమ్మకపోతే అదే టీకా నాకు పొడవండి, పడిపోతే అప్పుడు ఉరి తియ్యండి' అని అరిచింది. స్టేషనంతా గుమిగూడింది. నేను... సరే అన్నాను. మంచిదేగా, తేలిపోతుంది అనుకున్నాను. ఈవిడ ఇక్కడికి వచ్చి సిరంజి నింపి తీసుకొచ్చింది. ఫ్రిజ్‌లోదే అంది." అతను ఆమె వైపు తిరిగాడు. "ఫ్రిజ్‌లోదే అన్నావు కదూ? ఎందులోంచి నింపావు?"

రెండో పేరు తొడుగులు ఒక్కొక్క వేలే లాగి తీస్తోంది.

"నవ్వుతూ చెయ్యి చాచిందండీ," అంది ముక్తసరితో. "'మీరు పొడిస్తే నొప్పి ఉండదు మేడమ్' అంది. మంచి పిల్ల. నాకు ఆ పిల్ల మీద కోపం లేదు."

ముక్తసరి చేతిలో ఫ్రిజ్ సీసా ఇంకా చల్లగా ఉంది. అమ్మాయి నిర్దోషి అని ఆ ఊడని రేకు చెబుతోంది. అమ్మాయి ఒంట్లో పొద్దుట్నుంచీ ఏం పారుతోందో కూడా అదే చెబుతోంది. అతను సీసాని జాగ్రత్తగా అరలో పెట్టాడు.

ఇన్‌స్పెక్టర్ ఆమె మీదకి వెళ్ళాడు. మణికట్లు పట్టి లాగి బేడీలు బిగించాడు. "రాక్షసీ! నా స్టేషన్లో, నా కళ్ళెదుట!" అని అరిచాడు. ఆ అరుపులో సగం తన ఉద్యోగం కోసమే.

"మందుందా?" అన్నాడు ముక్తసరి.

"ఉంది," అంది ఆమె. "టీకా కాదు. ఒంట్లోకి పోయినవాటిని ఒంట్లోనే చంపేది. నేనొక్కదాన్నే చేశాను. వ్యాసం రాసి, కింద నా పేరు ఒక్కటే పెట్టి, ఆయన బల్ల మీద పెట్టాను. టీకా ఉండగా మందెందుకు, మన టీకా మీద మనకే నమ్మకం లేదనుకుంటారు అని నా ఎదురుగానే చించి బుట్టలో వేశారు. ఎలకలు బతికాయి. మనిషికి ఇంకా వెయ్యలేదు."

"ఆయనకి ఎందుకు వెయ్యలేదు?"

"వేద్దామనే కూర్చున్నాను. సిరంజి నింపుకుని కూర్చున్నాను. జ్వరం తేలకముందు గంట కొడితే చాలు. తనకి వచ్చింది ఏ జ్వరమో ఆయనకి మొదటి రోజే తెలుసు. మందు ఎవరి దగ్గరుందో కూడా తెలుసు. అడిగితే చాలనుకున్నాను. రెండు రోజులు గోడ గీరుతున్న చప్పుడు విన్నాను. అడగలేదు." ఆమె ఊపిరి పీల్చుకుంది. "ఆయన చావాలని కాదు. ఒక్క మనిషైనా నా మందుతో లేవాలి."

"ఎలా కలపాలో చెప్పు. ఇంకో డాక్టరు కలుపుతాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"చెబితే వచ్చేది కాదండీ. నేను నేర్చుకోవడానికే ఎన్నో ఏళ్ళు పట్టింది. పొద్దు వాలేసరికి ఆ అమ్మాయికి జ్వరం తేలుతుంది. తేలాక నావల్ల కూడా కాదు."

బేడీలున్న చేతులు ఆమె కొంచెం పైకెత్తింది.

"వీటితో మందు కలపడం కుదరదు."

"కలిపేది మందేనని నాకెలా తెలుస్తుంది?" అన్నాడు ముక్తసరి.

"తెలీదు."

ముక్తసరి జీవితంలో ఎవర్నీ ఏదీ అడగలేదు. ఆస్పత్రి వరండాలో భార్య కోసం కూడా ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. పట్టుకోనందుకు ఎవరూ అతన్ని తప్పుపట్టలేదు, అతను తప్ప.

"డాక్టరుగారూ," అన్నాడు. "మా పిల్లని బతికించండి."

ఆమె చాలాసేపు అతని మొహంలోకి చూసింది. ఆ మాట ఎలా ఉంటుందో ఇప్పుడే విన్నట్టు చూసింది.

"బేడీలు తియ్యి," అన్నాడు ముక్తసరి, ఆమె మీంచి చూపు తిప్పకుండానే.

"నీకు మతి పోయిందా? మళ్ళీ సూది ఈవిడ చేతికే ఇస్తావా?"

"తియ్యి!"

ఇన్‌స్పెక్టర్ తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు. చెవి చేతిలోంచి పడి, తొట్టి కిందికి జారిపోయింది. ఇద్దరు మగవాళ్ళూ మోకాళ్ళ మీద కూలబడి తడి నేల మీద వెతుకుతున్నారు. రెండో పేరు చేతులు చాచి పైన నిలబడి ఉంది. ఆ గదిలో తొందర లేనిది ఆమెకొక్కదానికే.